ఖాళీ గళ్ల మీద పాట కట్టడం

(మహబూబ్‌నగర్‌లో జరిగిన ఉపాధ్యాయుల సమావేశంలో ఒక లెక్కల మాస్టారు చేసిన ప్రసంగ పాఠం)

సార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

ముందు ఒక్కసారి చేతులెత్తండి. మీ బళ్లో సంగీతం టీచర్ ఉన్నవాళ్లెందరు? ముగ్గురో నలుగురో కనిపిస్తున్నారు. సరే, దించండి. మీ బళ్లో పనిచేసే కంప్యూటరో, గోడకు పెద్ద టచ్ ప్యానెలో, ఏదీ లేకపోతే మీ జేబులో స్మార్ట్‌ఫోనో ఉన్నవాళ్లు? అందరూ ఎత్తారు. సంగీతం టీచర్ లేని ఈ బళ్లల్లో, మీ చేతిలో ఉన్న ఈ సామానుతో పిల్లల చేత పాట కట్టించవచ్చా అన్నదే ఇవాళ్టి ముచ్చట.

నేను లెక్కలు చెబుతాను. హార్మోనియం మీద సరళీ వరుసలు దాటితే నా వేళ్లు తడబడతాయి. కాబట్టి సంగీత విద్వాంసుడి మాటలు నా నుంచి ఆశించకండి. టైంటేబుల్లో కళావిద్య పీరియడ్ అందరికీ ఉంటుంది, సిలబస్ వెనకబడితే ముందు పోయేదీ అదే. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక కళలను పదో తరగతి దాకా తప్పనిసరి సబ్జెక్టుగా చూడమంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా కళలను పక్కన పెట్టొద్దనే అంది. కాగితం మీద లోటేమీ లేదు. పీరియడ్ చేతికిచ్చాక నలభై నిమిషాలు ఏం చేయాలో తెలియకపోవడం దగ్గరే మనం ఆగిపోతున్నాం.

మామూలుగా చేసేదేమిటి? ఆగస్టు 15 వస్తుంది, జూన్ 2 వస్తుంది. యూట్యూబ్‌లో ట్రాక్ పెడతాం, బాగా పాడే నలుగురిని ముందు వరుసలో నిలబెడతాం, మిగతా వాళ్లను చప్పట్లు కొట్టమంటాం. పిల్లలకు అదీ కావాల్సిందే. కాకపోతే ఆ పాటలో ఏ స్వరం ఎక్కడుండాలో, ఎక్కడ ఆగాలో ఇంకెవరో ఎప్పుడో నిర్ణయించేశారు. తెలుగు పీరియడ్లో పద్యం అప్పజెప్పించి ఊరుకోం కదా, సొంతంగా కథ రాయమంటాం, పొడుపుకథ అల్లమంటాం. సంగీతంలో మాత్రం ఆ రెండో పని అసలు మొదలే కాదు.

మన నేలకు పాట కట్టడం కొత్తేమీ కాదు. సాయుధ పోరాట కాలంలో సుద్దాల హన్మంతు గారు ఏం చేశారు? జనం నోళ్లలో నలిగిన బాణీలు తీసుకున్నారు, గొల్లసుద్దుల వంటి కళారూపాలు తీసుకున్నారు, వాటికి కొత్త మాటలు కూర్చారు. బాణీ తెలిసిందే కాబట్టి మాట ఊరూరా పాకింది. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లలో ఒకామె పాట ఎత్తుకుంటుంది. చరణం మరిచిపోతే అప్పటికప్పుడు ఒకటి అల్లేస్తుంది, చివర ఉయ్యాలో కలిస్తే చాలు. డప్పు కొట్టే మనిషి ఊరేగింపు మలుపు తిరిగేటప్పుడు దరువు మారుస్తాడు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య గారికి పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్ప గారికి బుర్రవీణకు 2024లో వచ్చింది. మన పిల్లలు వీటి నడుమే పెరిగారు. ‘వీళ్లకు సంగీతం రాదు సార్’ అని మనం అంటుంటాం గానీ, వాళ్ల చెవిలో చాలా సరుకుంది.

మరి అడ్డం ఎక్కడ? తలలో మెదిలిన రాగాన్ని బయటికి తెచ్చి వినడం దగ్గర. గొంతు సరిగా పలకని పిల్ల ఉంటుంది. సిగ్గుపడే పిల్లాడుంటాడు. వాయిద్యం నేర్చుకోవాలంటే ఏళ్లు పడుతుంది, కొనాలంటే డబ్బులు కావాలి. ఒకసారి పాడింది మళ్లీ అట్లాగే పాడమంటే ఇద్దరు పిల్లల్లో ఒకరికి రాదు. పాడిందే గుర్తు లేకపోతే దాన్ని దిద్దేదెట్లా? కంప్యూటర్ ఈ ఒక్క పని బ్రహ్మాండంగా చేస్తుంది. పెట్టింది పెట్టినట్టు ఎన్నిసార్లయినా విసుగు లేకుండా వినిపిస్తుంది. ఒక్క స్వరం తీసి ఇంకోటి పెట్టి, రెండింటిలో ఏది బాగుందో అక్కడే తేల్చుకోనిస్తుంది. విను, మార్చు, మళ్లీ విను. దీనికి పనికొచ్చే సాధనమైతే నాకు ఇష్టం, పనికిరాకపోతే దానికెన్ని రంగుల బొమ్మలున్నా నేను పట్టించుకోను.

అమెరికాలో ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో జీన్ బాంబర్గర్ అనే ఆమె ఈ పని చాలా ఏళ్లు చేశారు. సీమోర్ పాపర్ట్ బృందం పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాష తయారు చేసింది, మనలో కొందరు బీఎడ్‌లో ఆ పేరు విని ఉంటారు. పిల్లలు తమ చేతులతో చేసి చూసి నేర్చుకోవాలన్న ఆ ఆలోచననే ఈమె సంగీతంలోకి తెచ్చారు. పిల్లలకు స్వరాలు ఒక్కొక్కటిగా ఇవ్వలేదు. రాగం ముక్కలు ఇచ్చి, వాటిని వరుస మార్చి పేర్చుకోండి, నచ్చేదాకా మార్చండి అన్నారు. పామరుడి చెవికి కూడా ముందు అందేది ముక్కే, విడి స్వరం కాదు అన్నది ఆమె వాదం. మనమేమో సరిగమలతో మొదలుపెట్టి, అక్కడే పిల్లల్ని నిద్రపుచ్చుతాం. నేనైతే ఆమె మాటే సరైందంటాను.

ఇప్పుడు పనిలోకి వద్దాం. క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్ అని గూగుల్ 2016లో ఒక వెబ్‌సైట్ పెట్టింది. అందులో 2018లో సాంగ్ మేకర్ అనేది చేర్చారు. డబ్బులు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు, ఫోన్లో కూడా నడుస్తుంది. తెరిస్తే గళ్ల కాగితం లాంటిది కనిపిస్తుంది. ఎడమ నుంచి కుడికి కాలం, కింది నుంచి పైకి స్థాయి, అంటే స్వరం ఎంత హెచ్చుగా పలుకుతుందన్నది. గడిలో నొక్కితే స్వరం పడుతుంది, మళ్లీ నొక్కితే పోతుంది. ఒక్కో స్వరానిది ఒక్కో రంగు. కింది స్థాయి ‘స’, పై స్థాయి ‘స’ ఒకే రంగులో ఉంటాయి. అడుగున రెండు వరుసలు తాళానికి. గ్రాఫ్ గీయడం వచ్చిన పిల్లలకు దీన్ని వివరించడానికి రెండు నిమిషాలు కూడా అక్కర్లేదు. లెక్కల టీచర్‌గా నాకు ముచ్చటేసిన విషయం అది.

సెట్టింగ్స్‌లోకి వెళ్తే స్కేల్ అన్న చోట మూడు ఉంటాయి. మేజర్ అన్నది మన శంకరాభరణం స్వరాలు. పెంటటానిక్ అన్నది స రి గ ప ద, అంటే మోహన రాగం స్వరాలే. క్రోమాటిక్ పెడితే పన్నెండు స్వరస్థానాలూ వస్తాయి. మొదటి రోజు పెంటటానిక్ పెట్టండి. మన జానపదంలో ఐదు స్వరాల్లోనే తిరిగే బాణీలు బోలెడు కాబట్టి పిల్లలకు చుట్టాలింటికి వచ్చినట్టుంటుంది. ఇంకో సౌకర్యం, ఈ ఐదింటిలో ఏది దేని పక్కన పెట్టినా చెవికి గుచ్చుకోదు. ఎందుకంటే అరమెట్టు తేడాతో, అంటే పన్నెండు స్వరస్థానాల్లో పక్కపక్కనే ఉండి, రాసుకునే స్వరాల జత ఇందులో లేదు.

అయితే ఆ సౌకర్యంలోనే ఒక ఉచ్చుంది. ఎక్కడ నొక్కినా బాగానే ఉంటే పిల్లలకు వినే పనే ఉండదు. స్క్రీనంతా రంగులు నింపేస్తారు. ఒకడు వాడి పేరులో మొదటి అక్షరం గీస్తాడు, ఒకతి పువ్వు గీస్తుంది. ప్లే నొక్కితే గలగలమంటుంది, క్లాసంతా నవ్వుతుంది, గంట కొడతారు. సరదాగా ఉంటుంది, పాట మాత్రం కాదు. అందుకని నేను షరతులు పెడతాను. రెండు బార్లే, అంటే తాళం రెండుసార్లు తిరిగేంతే. ఒక సమయంలో ఒక్క గడే. మొత్తం ఏడు స్వరాలు దాటొద్దు. ఒక ముక్క కనీసం రెండుసార్లు రావాలి. షరతు పెట్టగానే క్లాసులో చప్పుడు తగ్గుతుంది, వాదన మొదలవుతుంది. ‘అది తీసెయ్యే, ఇది పెట్టు.’ ‘ఆడ ఖాళీ ఉండనీ, మంచిగున్నది.’ ఖాళీ మంచిగున్నదని ఎనిమిదో తరగతి పిల్ల అనడం చూశాక నాకు ఈ పని మీద నమ్మకం కుదిరింది.

ఇంకో రోజు ఒక జట్టు కట్టిన ముక్క ‘రి’ మీద ముగిసింది. ప్యానెల్ మీద వినిపించాం. వెనక బెంచీ నుంచి ఒకడు ‘ఇంకా అయిపోలే సార్’ అన్నాడు. ఎందుకు అయిపోలేదని అడిగితే వాడికి చెప్పరాలేదు. చెప్పించాల్సిన పని కూడా లేదు. చివరి గడి ఒక్కటే మారుద్దాం, ఎవరు ఎక్కడ పెడతారో పెట్టండి అన్నాను. ‘గ’ పెట్టి విన్నారు, ‘ప’ పెట్టి విన్నారు. ‘స’ పెట్టగానే ‘ఆఁ, అయిపోయింది’ అని క్లాసంతా అంది. అప్పుడు ‘స’ అంటే ఆధార స్వరమనీ, రాగం అక్కడికి చేరితే ఇల్లు చేరినట్టుంటుందనీ చెబితే అది వాళ్లు కనుక్కున్న విషయానికి పేరు పెట్టడమే. దీని మీదే ఒక పీరియడంతా నడపొచ్చు. ఒక జట్టు ‘రి’ మీదో ‘ప’ మీదో ఆగే ముక్క కట్టాలి, అది ప్రశ్న. ఇంకో జట్టు ‘స’ మీద ఆగే ముక్క కట్టాలి, అది జవాబు. రెండూ కలిపి వింటే చిన్న పల్లవి తయారు.

తాళం దగ్గర ఈ సాధనం మనకు ఇంకా బాగా పనికొస్తుంది. మామూలుగా బార్‌కు నాలుగు బీట్లుంటాయి. దాన్ని మార్చుకోవచ్చు. ఐదు పెడితే తక తకిట, ఖండచాపు నడక. ఏడు పెడితే తకిట తకధిమి, మిశ్రచాపు నడక. సినిమా పాటలకు అలవాటైన చెవికి నాలుగు తప్ప తెలియదంటారు గానీ, అది పూర్తి నిజం కాదు. కోలాటం వేసే ఊరి పిల్లలు అడుగులో పట్టేస్తారు. ముందు స్క్రీన్ ఆపేసి చేతులతో వేయించండి, కాళ్లతో నడిపించండి, తర్వాత గళ్లలో పెట్టించండి. మీ ఊళ్లో డప్పు కళాకారులు ఉంటే పిలవండి. పిలిచేటప్పుడు శాలువా, భోజనం, దారి ఖర్చులు మరిచిపోకండి. ఆయన్ను హెడ్‌మాస్టర్ గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఇది సంగీతానికి సంబంధం లేని మాట అనుకోకండి, పిల్లలు అన్నీ చూస్తుంటారు.

నెట్ రాని బడి సంగతేమిటి? అమ్రాబాద్ వైపు, దేవరకొండ తండాల వైపు సిగ్నల్ ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. స్క్రాచ్ అని, పిల్లలు బ్లాకులు పేర్చి ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్ ఉంది. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం 2007లో విడుదల చేసింది. కంప్యూటర్లో ఒకసారి ఎక్కిస్తే నెట్ లేకపోయినా నడుస్తుంది. అందులో మ్యూజిక్ ఎక్స్‌టెన్షన్ చేర్చుకుంటే స్వరాలను అంకెలతో పలికించవచ్చు. 60 అంటే పియానో నడిమి సి. అంకె ఒకటి పెరిగితే ఒక అరమెట్టు. 60ని ‘స’ అనుకుంటే మోహనం 60, 62, 64, 67, 69. మాయామాళవగౌళ 60, 61, 64, 65, 67, 68, 71, ఆపైన 72. పురందరదాసు కాలం నుంచి సంగీతం నేర్చుకునేవాళ్లకు మొదట చెబుతున్న రాగం ఎనిమిది అంకెల్లో వచ్చేసింది చూడండి. ఆ అంకెల మధ్య తేడాలు రాయమంటే 1, 3, 1, 2, 1, 3, 1. సగానికి మడిస్తే రెండు వైపులా ఒకటే. సౌష్ఠవం పాఠం చెప్పే సార్లు దీన్ని వదలకండి.

తర్వాతి మెట్టు, అంకెలను నేరుగా రాయకుండా శ్రుతి అని ఒక చరరాశి పెట్టించండి. స అంటే శ్రుతి, రి అంటే శ్రుతి కూడిక 2, గ అంటే శ్రుతి కూడిక 4. ఇప్పుడు శ్రుతి ఒక్కటి మారిస్తే పాట మొత్తం పైకో కిందికో జరుగుతుంది. ఆడపిల్లలు పాడే శ్రుతికీ, గొంతు మారుతున్న తొమ్మిదో తరగతి మగపిల్లల శ్రుతికీ కుదరక ప్రేయర్లో పడే తిప్పలు అందరికీ తెలుసు. చరరాశి ఎందుకు సార్ అని అడిగిన పిల్లలకు ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు. రిపీట్ బ్లాక్ కూడా అంతే. పల్లవి మూడుసార్లు రావాలంటే మూడుసార్లు రాయక్కర్లేదు.

ఇక చప్పుళ్ల సంగతి. ఆడాసిటీ అని రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది, 2000 నుంచీ ఉచితంగా దొరుకుతోంది. ఫోన్లో రికార్డు చేసిన శబ్దాన్ని అందులో వేసుకుని కోయవచ్చు, పక్కపక్కన పేర్చవచ్చు, స్థాయి మారకుండా వేగం మార్చవచ్చు. గద్వాల, నారాయణపేట, పోచంపల్లి వైపు బడులు ముందు మగ్గం చప్పుడు రికార్డు చేయండి. నాడె అటూ ఇటూ పోయే చప్పుడు, నేతను దగ్గరికి గుద్దే చప్పుడు, ఈ రెండింటి మధ్య ఒక నడక ఉంటుంది. నాలుగు సెకన్ల ముక్క కోసి మళ్లీ మళ్లీ మోగిస్తే అదే తాళం. దాని మీద పిల్లలు తమ ఐదు స్వరాల ముక్కను పాడొచ్చు. నేత ఇంటి పిల్లాడు ఆ పూట క్లాసుకు గురువవుతాడు, మగ్గం ఎప్పుడు నెమ్మదిస్తుందో, ఎందుకు ఆగుతుందో వాడే చెప్పాలి. మా వైపు పిల్లలు బోరు బండి చప్పుడు తెచ్చారు. వినలేక చెవులు మూసుకున్నాం గానీ, ఒక జట్టు దాన్ని బాగా తగ్గించి కింద గుంయ్‌మనే శ్రుతిలా వాడుకుంది.

రికార్డు చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. బ్లూటూత్ స్పీకర్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది. దానితో కలిసి తాళం వేయమంటే పిల్లలు తప్పినట్టు కనిపిస్తారు, తప్పు స్పీకర్‌ది. వైరు స్పీకరే వాడండి. డప్పు రికార్డు చేసేటప్పుడు ఫోన్ దూరంగా పెట్టండి, దగ్గర పెడితే శబ్దం పగిలిపోతుంది, తర్వాత ఏం చేసినా బాగుపడదు. పెద్దవాళ్ల పాట రికార్డు చేస్తే ముందు అడగాలి, ఫైలుకు వాళ్ల పేరు పెట్టాలి, వాట్సాప్ గ్రూపులో వేసేముందు మళ్లీ అడగాలి.

ఇప్పుడు ఈ సాధనాలు ఎక్కడ మోసం చేస్తాయో చెప్పాలి. గళ్లలో గమకం లేదు. ఒక గడి నుంచి ఇంకో గడికి దూకడమే గానీ, జారడం, ఊగడం లేదు. మోహనం స్వరాలు వరుసగా నొక్కితే మోహనం రాదు, దాని ఎముకలు వస్తాయి. మన పల్లె గొంతు స్వరం మీద నిలబడదు, కిందినుంచి జారుకుంటూ వచ్చి పట్టుకుంటుంది. లంబాడీ పాట ఎత్తుకున్న పిల్లను ‘నువ్వు పాడింది స్క్రీన్ మీద రావడం లేదు, సరిగా పాడు’ అంటే అంతకన్నా అన్యాయం లేదు. గడిలో పట్టకపోవడం గడి లోపం. అందుకే నా క్లాసులో గళ్ల మీద కట్టిన ప్రతి ముక్కనూ చివరికి గొంతుతో పాడాలి. పాడేటప్పుడు జారుతుంది, సాగుతుంది, మారుతుంది. ఆ మారిందే ఖాయం.

దీన్ని కంటికి చూపించే మార్గం కూడా ఉంది. అదే క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్‌లో స్పెక్ట్రోగ్రామ్ అని ఉంటుంది. మైకు దగ్గర పాడితే శబ్దం గీతలై కదులుతుంది. పియానో స్వరం అడ్డగీతలా నిలుస్తుంది, పిల్ల గొంతు పాములా వంకర్లు తిరుగుతుంది. ఎవరి గీత ఎక్కువ వంకర్లు పోతే వాళ్లు గొప్పని పోటీలు పెట్టుకుంటారు, పెట్టుకోనివ్వండి. డప్పును మంట దగ్గర కాచకముందు ఒకసారి, కాచాక ఒకసారి కొట్టించండి. తోలు బిగిస్తే స్థాయి ఎందుకు పెరుగుతుందో ఫిజిక్స్ సార్ చెప్పుకుంటారు.

రెడీమేడ్ లూప్‌లు ఇచ్చే యాప్‌ల గురించి నా అభిప్రాయం అడిగారు. ఎవరో ముందే చేసిపెట్టిన డ్రమ్స్, గిటార్ ముక్కల్ని వరుసగా అతికిస్తే ఐదు నిమిషాల్లో సినిమా పాటలా మోగుతుంది. వార్షికోత్సవంలో చప్పట్లు పడతాయి. పిల్లాడిని పిలిచి ‘ఇక్కడ ఈ స్వరం ఎందుకు పెట్టావు’ అని అడిగితే వాడి దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే వాడు స్వరం పెట్టలేదు. మాటలు టైప్ చేస్తే మొత్తం పాట తయారు చేసిచ్చే ఏఐ యాప్‌ల సంగతి ఇంకా తేలిక. వాటిని తిట్టి దాచడం కుదరదు, పిల్లలకు మనకన్నా ముందే తెలుసు. నేనైతే అది ఇచ్చిన పాటను క్లాసులో వినిపించి, ఇందులో మీరైతే ఏం మారుస్తారని అడుగుతాను. తమ చేతులతో కొన్ని ముక్కలు కట్టిన పిల్లలు టకటకా చెబుతారు, ‘అన్ని చోట్లా నిండుగున్నది సార్, ఊపిరి తీసుకునే జాగ లేదు’ అని. ఏమీ కట్టని పిల్లలు ‘సూపర్ సార్’ అంటారు. అందుకే అవి చివర రావాలి.

మార్కుల మాట. కళావిద్యకు గ్రేడు వేయాలి కదా, ఎవరి పాట తీయగా ఉందో చూసి వేద్దామనుకుంటాం. అట్లా వేస్తే ఇంట్లో హార్మోనియం ఉన్న పిల్లకే ఎప్పుడూ ఏ గ్రేడ్. సాంగ్ మేకర్‌లో సేవ్ చేస్తే లింకు వస్తుంది. మొదటి రూపం లింకు, చివరి రూపం లింకు రెండూ నోట్‌బుక్‌లో రాయించండి. మధ్యలో ఏం మార్చారో, ఎందుకు మార్చారో రెండు వాక్యాలు తెలుగులో రాయించండి. గ్రేడు ఆ మార్పుకు వేయండి. ‘మస్తు ఉరుకుతున్నట్టున్నది, గందుకే నడుమ ఒక గడి తీసేసినం’ అని రాసిన జట్టు ఏ గ్రేడ్‌కు అర్హులే, వాళ్ల పాట ఎట్లా ఉన్నా సరే.

ఒక్కటే కంప్యూటర్ ఉంటే ఎట్లా అని ఇందాక టీ దగ్గర ఒక మేడమ్ అడిగారు. స్క్రీన్ దగ్గర ఒక్క జట్టే ఉంటుంది, ముగ్గురు. మిగతా జట్లు గళ్ల నోట్‌బుక్‌లో రంగు పెన్సిళ్లతో అదే పటం గీసి, గొంతుతో పాడుకుంటూ దిద్దుకుంటారు. వంతు వచ్చినప్పుడు గీసింది ఎక్కించి వింటారు. నిజం చెప్పాలంటే ఈ పద్ధతిలో పిల్లలు ఎక్కువ ఆలోచిస్తారు, ఎందుకంటే వినకముందే తలలో వినాలి. జట్టులో ఎప్పుడూ ఒకరే మౌస్ పట్టుకోకుండా చూడండి. మా బళ్లో అయితే ప్రతి వంతుకూ మనిషి మారాలి, మౌస్ పట్టిన వాళ్లు మాట్లాడకూడదు, పక్కవాళ్లు చెప్పింది చెప్పినట్టు పెట్టాలి.

సరే, మాటలు చాలు. ఈ హాల్లో వైఫై బాగానే ఉంది. ముగ్గురు ముగ్గురు కూర్చోండి, ఒక ఫోన్ తీయండి. పెంటటానిక్ పెట్టండి, రెండు బార్లు, ఏడు స్వరాలు దాటొద్దు. తెలుగు సార్లు ప్రశ్న కట్టండి, లెక్కల సార్లు జవాబు కట్టండి. భోజనానికి ముందు అందరివీ వింటాం.